ఖాళీ అంటే సున్నా కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య నాయకురాలు చేసిన ప్రసంగం. ఆమె రాసుకొచ్చిన కాగితాలు, అక్కడ మాట్లాడిన మాటలు కలిపి ఇస్తున్నాం.)

 

నన్ను మాట్లాడమన్న విషయం కంప్యూటరు లెక్కల గురించి. నేను చదివింది పదో తరగతి. మైకు పట్టుకోవడమే భయం, మళ్ళీ కంప్యూటరు గురించి అంటే ఇంకా భయం. "నువ్వే చెప్పాలి, తప్పు జరిగినప్పుడు సంతకం పెట్టినదానివి నువ్వే కదా" అన్నారు అధ్యక్షురాలు గారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట నిజమే. అందుకే ఆ తప్పు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మన మండలంలో 34 గ్రామ సమాఖ్యలు ఉన్నాయి. ప్రతి నెలా ప్రతి గ్రామ సమాఖ్య నుంచి వీఓఏ ఒక ఎక్సెల్ ఫైలు పంపుతుంది. అందులో ఒక్కో సభ్యురాలికి ఒక్కో వరుస. పేరు, సంఘం, ఆ నెల పొదుపు, తీసుకున్న అప్పు, కట్టిన వాయిదా, మిగిలిన బాకీ. ప్రభుత్వం వాళ్ళ యాప్‌లో మన సంఘాల లెక్కలు ఎక్కుతాయి, అది వేరే. ఇది మన సమాఖ్య సొంత నిధి లెక్క. మన డబ్బు, మన అప్పు, మన వడ్డీ. దీన్ని మనమే చూసుకోవాలి.

ఆ 34 ఫైళ్ళు మన అకౌంటెంటు గారి ఫోనుకు వాట్సాప్‌లో వచ్చేవి. ఆవిడ ఒక్కోటి తెరిచి, మొత్తం పట్టుకుని కాపీ కొట్టి, ఒక పెద్ద ఫైల్లో కింద అతికించేవారు. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. మూడు రోజుల పని. మధ్యలో ఫోను మోగుతుంది, ఎవరో రశీదు కోసం వస్తారు, కరెంటు పోతుంది. మళ్ళీ కూర్చుంటే ఎక్కడ ఆపామో గుర్తుండదు. ఆవిడ తప్పేమీ లేదండి. ఎవరు కూర్చున్నా అంతే. మన వంటింట్లో ఉప్పు వేశామా లేదా అని అనుమానం వచ్చి రెండోసారి వేసెయ్యమా?

కిందటేడు ఏప్రిల్లో అదే జరిగింది. మా ఊరి ఫైలు రెండుసార్లు అతికింది. దాని పక్కనుండాల్సిన ఒక లంక గ్రామం ఫైలు అసలు రాలేదు. రెండు ఊళ్ళలోనూ సంఘాలు దగ్గర దగ్గర సమానమే. కాబట్టి మొత్తం చూస్తే తేడా పెద్దగా కనపడలేదు. నేను ఆ కాగితం పైనుంచి కిందకి చూశాను. మొత్తం బాగానే ఉందనుకున్నాను. సంతకం పెట్టాను.

దాని వల్ల ఏమైందో వినండి. ఆ లంక ఊరి సంఘాల వాయిదాలు ఆ నెల కట్టనట్టు అయిపోయాయి. వాళ్ళు కట్టారు. రశీదులున్నాయి. మన కాగితంలో మాత్రం లేదు. వాయిదా కట్టని ఊరికి కొత్త అప్పు ఆపాలని మన తీర్మానమే ఉంది కదా, ఆపేశాం. మా ఊరికి మాత్రం రెండు రెట్లు కట్టినట్టు ఉంది గనుక మా అప్పులు ముందు వచ్చాయి. నాకు తెలియకుండానే నేను పక్కూరి వంతు తిన్నాను.

ఆ ఊళ్ళో ఒక వదిన కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. కూతురు ఇంటర్లో చేరాలి. 30,000 రూపాయలకు దరఖాస్తు పెట్టుకుంది. జూన్ వచ్చేసింది, కాలేజీ వాళ్ళు ఆగరు. ఆ పుస్తకాలు, ఈ కాగితాలు తెచ్చి, కట్టామని రుజువు చూపించి, మేము తేల్చేసరికి రెండు నెలలైంది. ఈలోగా ఆవిడ బయట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. లెక్క వేద్దాం. నూటికి నెలకు ఐదంటే ముప్పై వేలకు నెలకు 1,500. రెండు నెలలకు 3,000. మన సమాఖ్య వడ్డీ రూపాయి. రెండు నెలలకు 600 అయ్యేది. అంటే మన కాపీ కొట్టుడు తప్పు ఆవిడకు 2,400 రూపాయలు. పీచు మిల్లులో ఎన్ని రోజుల కూలో మీకు నేను చెప్పక్కర్లేదు.

సమాఖ్య సమావేశంలో ఆ 2,400 మన ఖర్చుల పద్దు నుంచి ఇవ్వాలని తీర్మానం చేశాం. నేను వెళ్ళి ఇచ్చాను. మొహమాటపడి వద్దంటుందేమో అనుకున్నాను. "తీసుకుంటానండి, నా డబ్బేగా" అంది. ఆ మాటకి నాకు సిగ్గూ వేసింది, ధైర్యమూ వచ్చింది. అలా అడిగే ఆడవాళ్ళు ఉంటేనే సంఘాలు బతుకుతాయి.

ఇప్పుడు ఆ తప్పు మళ్ళీ జరక్కుండా ఏం చేశామో చెప్తాను.

మన సంఘంలోనే ఒక అక్క కూతురు రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది, కంప్యూటర్సు. సంక్రాంతికి ఇంటికొచ్చింది. అరిసెలు వండుతుంటే మాటల్లో ఈ గొడవ చెప్పాను. "పిన్నీ, దీనికి మూడు రోజులెందుకు? స్క్రిప్టు రాస్తే పది నిమిషాల పని" అంది. స్క్రిప్టు అంటే సినిమావాళ్ళు రాసేదనుకున్నాను నేను. ఆయ్, నిజమేనండి, నవ్వకండి.

స్క్రిప్టు అంటే ఏంటో నాకు అర్థమైనట్టు చెప్తాను. మన ఆత్రేయపురంలో పూతరేకులు చేస్తారు కదా. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఆ పద్ధతి ఒకసారి చేతికి వచ్చాక వంద రేకులైనా అలాగే. స్క్రిప్టు అంటే కంప్యూటరుకు అలాంటి పద్ధతి వరుసగా రాసి ఇవ్వడం. "ఈ ఫోల్డర్లో ఎన్ని ఫైళ్ళున్నాయో చూడు. మొదటిది తెరువు. మొదటి వరుసలో ఉన్న తలకట్టులు చదువు. కింద వరుసలన్నీ తీసుకో. ప్రతి వరుస పక్కన ఏ ఫైల్లోంచి వచ్చిందో ఆ ఫైలు పేరు రాయి. తర్వాత ఫైలు తెరువు. అన్నీ అయ్యాక ఒకదాని కింద ఒకటి పేర్చి కొత్త ఫైల్లో పెట్టు." అంతే. కంప్యూటరుకు ఫోను మోగదు, అనుమానం రాదు, ఉప్పు రెండోసారి వెయ్యదు.

ఆ అమ్మాయి రాసింది పైథాన్ అనే భాషలో. పైథాన్ అంటే కొండచిలువ కదా, ఇదేం పేరని అడిగాను. దాన్ని తయారుచేసింది నెదర్లాండ్స్ దేశానికి చెందిన గైడో వాన్ రోసమ్ అనే ఆయన. 1991లో బయటకు ఇచ్చాడు. ఇంగ్లండులో మాంటీ పైథాన్ అనే హాస్య నాటకాల బృందం ఉంటే, సరదాగా ఆ పేరు పెట్టాడట. పాముకీ దానికీ సంబంధం లేదు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా దించుకోవచ్చు. అందులో ఇలాంటి పట్టికల పని చేసే సామాను పెట్టె ఒకటుంది, దాని పేరు పాండాస్. అదీ ఉచితమే. పైథాన్ రానివాళ్ళకు కొత్త ఎక్సెల్లోనే ఒక దారి ఉంది. పైన డేటా అన్న చోట నొక్కి, గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్ అని వెళ్తే ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నీ ఒకచోటకు కలుపుతుంది. తలకట్టులన్నీ ఒకేలా ఉంటే అది కూడా బాగానే పనిచేస్తుంది.

తలకట్టులు ఒకేలా ఉంటే అన్నాను. అసలు కథ అక్కడే ఉంది.

మొదటిసారి స్క్రిప్టు నడిపినప్పుడు మన సమాఖ్య పొదుపు ఉన్నట్టుండి రెండింతలైపోయింది. నేను ఆనందపడిపోయాను. ఆ అమ్మాయి మాత్రం తల పట్టుకుంది. ఎందుకంటే ప్రతి వీఓఏ చివర్న "మొత్తం" అని ఒక వరుస వేసి కూడిక పెట్టింది. కంప్యూటరుకు ఏం తెలుసు? "మొత్తం" అనే పేరున్న సభ్యురాలు ఒకావిడ ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొదుపు చేసిందనుకుంది. అందరి పొదుపూ ఒకసారి, మళ్ళీ మొత్తం ఒకసారి, రెండూ కలిపేసింది.

అప్పుడు నాకు ఒక విషయం తెలిసింది. కళ్ళంలో ధాన్యం రాశి పోసేముందు తూర్పారబడతాం. తాలు పోతుంది, గింజ ఉంటుంది. తూర్పారబట్టకుండా బస్తాకెత్తితే బరువు రాదు, మిల్లువాడు ఒప్పుకోడు. ఫైళ్ళూ అంతే. కలపడం చిన్న పని. కలిపే ముందు బాగు చెయ్యడమే పెద్ద పని. మన 34 ఫైళ్ళలో దొరికిన తాలు ఏంటో ఒక్కోటి చెప్తాను. వీఓఏ చెల్లెళ్ళు కాస్త రాసుకోండమ్మా.

మొదటిది తలకట్టులు. ఒకరు "పొదుపు" అని రాశారు, ఒకరు "సేవింగ్స్", ఒకరు "నెల పొదుపు", ఒకరు "పొదుపు" తర్వాత ఒక ఖాళీ వదిలారు. మన కంటికి ఆ ఖాళీ కనపడదు. కంప్యూటరుకు మాత్రం అది వేరే మాట. దాంతో నాలుగు రకాల పొదుపు గళ్ళు తయారయ్యాయి, ఒక్కోదాంట్లో కొన్ని ఊళ్ళు. మూడు రోజులు కూర్చుని ఏ పేరు దేనికి సమానమో ఒక జాబితా రాశాం.

రెండోది అంకెలు. 1,500 అని రాయాల్సిన చోట "1,500/-" అని రాశారు. "రూ. 1500" అని రాశారు. ఒకరైతే "200 (వచ్చే నెల ఇస్తుంది)" అని రాశారు. రశీదు మీద అలా రాస్తే మంచిదే. ఎక్సెల్ గడిలో అలా రాస్తే అది అంకె కాదు, మాట అయిపోతుంది. మాటలు కూడికలోకి రావు. అరవకుండా పక్కకు తప్పుకుంటాయి. అదే ప్రమాదం.

మూడోది తేదీలు. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3. కంప్యూటరు అమెరికా పద్ధతిలో పెట్టి ఉంటే దానికి అది మార్చి 4. వాయిదా ముందే కట్టినట్టో, ఆలస్యంగా కట్టినట్టో అయిపోతుంది. అదే 25/04 అని ఉంటే 25వ నెల లేదు గనుక దాన్ని మాటగా వదిలేస్తుంది. ఒకే ఫైల్లో సగం తేదీలు ఒక రకం, సగం ఇంకో రకం. ఇప్పుడు మేం తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయిస్తున్నాం.

ఇది మనకే కాదండి, పెద్ద పెద్ద సైంటిస్టులకూ తప్పలేదు. మనిషి శరీరంలో జన్యువులుంటాయి కదా, వాటిలో కొన్నిటికి మార్చి, సెప్టెంబరు నెలల్లా కనపడే పొట్టి పేర్లున్నాయి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేసేది. చెప్పి చెప్పి విసిగిపోయి 2020 నాటికి ఆ పేర్లు పెట్టే సంఘంవాళ్ళు జన్యువుల పేర్లే మార్చేసుకున్నారు.

నాలుగోది ఖాతా నంబర్లు. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకెను సున్నా చేసేస్తుంది. ముందు సున్నాలుంటే అవీ తీసేస్తుంది. డబ్బు ఎవరి ఖాతాకు వెళ్ళాలో ఆ నంబరే తప్పయితే ఇంకేం మిగిలింది? అందుకే ఖాతా నంబరు గడిని ముందే టెక్స్టుగా పెట్టుకోవాలి, ఆ తర్వాతే నంబరు కొట్టాలి. తర్వాత మార్చుకుందాంలే అంటే పోయిన అంకె తిరిగి రాదు.

ఐదోది పాత పేర్లు, కొత్త పేర్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కొందరు ఇంకా తూర్పు గోదావరి అని రాస్తున్నారు, కొందరు కోనసీమ, కొందరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పూర్తిగా. కంప్యూటరుకు అవి మూడు జిల్లాలు. బ్యాంకూ అంతే. పట్టాభి సీతారామయ్య గారు 1923లో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన నోటికి ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకే వస్తుంది. నోటితో అనుకోండి, తప్పులేదు. ఫైల్లో మాత్రం ఒకటే పేరు ఉండాలి.

ఆరోది మనుషుల పేర్లు. ఇది అన్నిటికంటే పెద్దది. మన కోనసీమలో ఒక సంఘంలో పది మంది ఉంటే అందులో ఇద్దరు సత్యవతులు, ఇద్దరు నాగమణులు, ముగ్గురు లక్ష్ములు. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు పొడి అక్షరం రాస్తారు, ఒకరు అసలు రాయరు. ఇంగ్లీషులో రాస్తే లక్ష్మినే నాలుగు రకాలుగా రాస్తారు. పేరును బట్టి కలిపితే ఒక లక్ష్మి బాకీ ఇంకో లక్ష్మి నెత్తిన పడుతుంది. కాబట్టి ప్రతి సభ్యురాలికి ఒక సభ్యత్వ సంఖ్య ఇచ్చాం. పేరు మన కోసం, సంఖ్య లెక్క కోసం. మీ పొదుపు పుస్తకం మొదటి పేజీలో అది రాసి ఉంటుంది. చూసుకోండి, లేకపోతే ఈ రోజే రాయించుకోండి.

ఏడోది ఫైళ్ళే. వాట్సాప్‌లో ఒకే ఫైలు రెండుసార్లు దించుకుంటే పేరు పక్కన బ్రాకెట్లో ఒకటి అని వచ్చి రెండో కాపీ తయారవుతుంది. ఇంకొందరు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే అసలు ఫైనల్" అని పంపుతారు. మా ఊరి ఫైలు రెండుసార్లు అతకడానికి కారణం ఇలాంటిదే. ఇప్పుడు ఫైలు పేరు ఒకటే పద్ధతి. ఊరి కోడు, నెల, సంవత్సరం. తప్పు సరిదిద్దితే అదే పేరుతో మళ్ళీ పంపాలి, పాతది పక్క ఫోల్డర్లోకి వెళ్తుంది. పారెయ్యం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ ప్రసంగానికి పేరు పెట్టిన మాట. పొదుపు గడి ఖాళీగా ఉంటే ఏమనుకోవాలి? మొదట్లో ఆ అమ్మాయి స్క్రిప్టులో ఖాళీ ఉంటే సున్నా వెయ్యమని రాసింది. కూడిక సాఫీగా వస్తుంది కదా అని. నేను ఒప్పుకోలేదు. నాకు కంప్యూటరు రాదు గానీ సంఘం తెలుసు. సున్నా అంటే ఆవిడ కట్టలేదని మనం చెప్పడం. ఖాళీ అంటే కట్టిందో లేదో మనకు ఎవరూ చెప్పకపోవడం. ఈ రెండూ ఒకటి కాదు. కిందటేడు ఆ లంక ఊరికి మనం చేసింది అదే. ఫైలు రాకపోతే కట్టలేదని రాసేశాం.

అందుకే ఇప్పుడు స్క్రిప్టు ఖాళీ గడి చూస్తే సున్నా వెయ్యదు. వేరే కాగితం మీద ఆ సభ్యురాలి సంఖ్య, ఊరు రాసి పెడుతుంది. 34 ఫైళ్ళు రావాల్సిన చోట 33 వస్తే కలపడమే ఆపేస్తుంది, ఏ ఊరిది రాలేదో పేరు చెప్తుంది. ఆగిపోవడం దాని తప్పు కాదు, అదే దాని మంచి గుణం. తెలియనిది తెలిసినట్టు రాయకూడదన్నది మనుషులకూ మంచిదే.

ఇంగ్లండులో 2020లో కరోనా రోజుల్లో ఏమైందో ఆ అమ్మాయి చెప్పింది. అక్కడి ఆరోగ్య శాఖవాళ్ళు పరీక్షల ఫలితాల ఫైళ్ళు ఒకచోట కలుపుతుంటే పాత రకం ఎక్సెల్ ఫైలు వాడారు. అందులో 65,536 వరుసలే పడతాయి. అంతకు మించినవి కింద పడిపోయాయి. ఎవరికీ తెలియలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది కరోనా కేసులు లెక్కలోకి రాలేదు. వాళ్ళను కలిసినవాళ్ళకు జాగ్రత్త చెప్పడం ఆలస్యమైంది. కొత్త రకం ఫైల్లో 10,48,576 వరుసలు పడతాయి, మన మండలానికి అది చాలా ఎక్కువ. అంత పెద్ద దేశంలో, అంత చదువుకున్నవాళ్ళ దగ్గర కూడా పోయిన వరుసలు లెక్కపెట్టే మనిషి లేకపోతే అంతే సంగతులు.

కాబట్టి మేము మూడు లెక్కలు సరిచూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టం. ఎన్ని ఫైళ్ళు రావాలి, ఎన్ని వచ్చాయి. ఒక్కో ఊరి ఫైల్లో ఎన్ని వరుసలున్నాయి, కలిపినదాంట్లో ఆ ఊరివి ఎన్ని ఉన్నాయి. ఊరి క్యాష్ బుక్కులో మొత్తం ఎంత, కలిపినదాంట్లో ఆ ఊరి మొత్తం ఎంత. మూడూ సరిపోతే సంతకం. ఒక్క రూపాయి తేడా ఉన్నా ఆపుతాం. మండలం మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. కిందటేడు మొత్తం బాగానే కనిపించింది కదా. ఊరు ఊరుగా చూడాలి.

మన ధవళేశ్వరం ఆనకట్ట చూడండి. అక్కడ నీళ్ళు తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు వెళ్తాయి. ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో విడివిడిగా రాస్తారు. మొత్తం నీళ్ళు బాగానే వదిలామంటే చివరి పొలం రైతు ఊరుకుంటాడా? మన లెక్కకూ శివారు భూములున్నాయి. అవి లంక ఊళ్ళు, చిన్న సంఘాలు, ఆలస్యంగా కబురు అందేవాళ్ళు. అక్కడికి అందిందో లేదో చూడ్డమే లెక్క.

ఇంకో మాట. స్క్రిప్టు వచ్చాక మన అకౌంటెంటు గారు కాస్త దిగులుపడ్డారు. మూడు రోజుల పని పది నిమిషాలకు వస్తే నన్నుంచుతారా అని. అందరి ముందూ చెప్తున్నాను, ఆవిడ పని పెరిగింది. ఇదివరకు ఆ మూడు రోజులూ అతికించడంతోనే సరిపోయేది. ఇప్పుడు ఆ మూడు రోజులూ స్క్రిప్టు రాసిచ్చిన అనుమానాల కాగితం పట్టుకుని ఊళ్ళకు ఫోన్లు చేస్తున్నారు. "అమ్మా, ఈ సభ్యురాలి గడి ఖాళీగా ఉంది, పుస్తకం చూసి చెప్పు" అని. ఆ పని కంప్యూటరు చెయ్యలేదు. ఎందుకంటే ఎవరు ఊళ్ళో లేరో, ఎవరికి పురుడు వచ్చిందో, ఎవరు ఊడ్పుల కూలి రాక ఈ నెల ఆగారో దానికి తెలియదు.

స్క్రిప్టు రాసిన అమ్మాయి రేపు ఉద్యోగానికి హైదరాబాదో బెంగుళూరో వెళ్ళిపోతుంది. వెళ్ళాలి కూడా. అప్పుడు మన గతేంటి? అందుకని రెండు పనులు చేశాం. స్క్రిప్టులో ప్రతి అడుగు పక్కనా అది ఏం చేస్తుందో తెలుగులో రాయించాం. దాన్ని నడపడం ఇద్దరు వీఓఏలు నేర్చుకున్నారు, నేనూ నేర్చుకున్నాను. నేను రాయలేను గానీ నడపగలను, ఎక్కడ ఆగిందో చదవగలను. ఒకసారి అది పదే పదే ఆగిపోతుంటే ఎందుకో అర్థం కాలేదు. చూస్తే ఒక ఫైలు ఎక్సెల్లో తెరిచే ఉంచాం. తెరిచి ఉన్న ఫైలుకు పక్కనే దాని నీడ ఫైలు ఒకటి పుడుతుందట, స్క్రిప్టు దాన్ని కూడా చదవబోయింది. మూసేస్తే నడిచింది. ఆ రోజు నేనే కనిపెట్టానని ఇంట్లో మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

భద్రం గురించి ఒక్క మాట. 34 ఊళ్ళ ఆడవాళ్ళ పేర్లు, ఖాతాలు, అప్పులు ఒకే ఫైల్లోకి వచ్చాయంటే అది బీరువా తాళం లాంటిది. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. ఆధార్ నంబర్లు ఈ ఫైల్లో పెట్టడం మానేశాం, మన లెక్కకు అవి అక్కర్లేదు. కలిపిన ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో వెయ్యం. ఎవరి బాకీ ఎంతో ఊరంతా తెలియాల్సిన పని లేదు. అసలు ఫైళ్ళను ముట్టుకోం, కాపీ మీదే పని చేస్తాం. ఒక కాపీ వేరేచోట ఉంచుతాం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో ఇళ్ళు ఎలా మునిగాయో మనం చూశాం. పుస్తకాలు తడిస్తే ఆరబెట్టుకున్నా అక్షరం మిగలదు. కాగితం ఒక చోట, ఫైలు ఇంకో చోట ఉండాలి.

అలాగని పుస్తకాలు మానెయ్యమని కాదు. ఎప్పటికైనా అసలు లెక్క మీ సంఘం పుస్తకమే. సమావేశంలో అందరి ముందు డబ్బు లెక్కపెట్టి, అందరి ముందు రాసి, వేలిముద్రో సంతకమో పెట్టినది. ఆ లంక ఊరి వదినకు చివరికి న్యాయం చేసింది కంప్యూటరు కాదు, ఆవిడ సంఘం రెండో లీడరు దాచిపెట్టిన రశీదు పుస్తకం. మన పంచ సూత్రాల్లో ఐదోది పుస్తకాల నిర్వహణ. అది ఉన్నవాళ్ళకే స్క్రిప్టు పనికొస్తుంది. పుస్తకం తప్పయితే స్క్రిప్టు ఆ తప్పును ఇంకా తొందరగా చేస్తుంది.

చివరగా సభ్యులందరికీ ఒక విన్నపం. ఇప్పుడు కలిపిన లెక్కలోంచి ప్రతి ఊరికీ విడిగా ఒక జాబితా వస్తోంది. ప్రతి నెలా గ్రామ సమాఖ్య సమావేశంలో దాన్ని చదువుతారు. ఏ సంఘం ఎంత కట్టింది, మండలం లెక్కలో ఎంత పడింది. చదువుతున్నప్పుడు టీ కోసం లేవకండి. మీ సంఘం పేరు రాకపోతే అక్కడే లేచి అడగండి. చదువు రాదని ఊరుకోవద్దు. చెవులు చాలు. సంఘం తరఫున ఆ అంకె విని, సంఘం పుస్తకంతో పోల్చే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషిని ఈ నెల సమావేశంలోనే ఎన్నుకోండి.

1874లో కందుకూరి వీరేశలింగం గారు మన ధవళేశ్వరంలోనే ఆడపిల్లలకు బడి పెట్టారు. అప్పుడు ఆడవాళ్ళకు అక్షరం ఎందుకన్నారు. తర్వాత డ్వాక్రా వచ్చినప్పుడు ఆడవాళ్ళకు బ్యాంకు ఎందుకన్నారు. బ్యాంకుకు వెళ్ళాం, సంతకం నేర్చుకున్నాం, అప్పు తెచ్చాం, తీర్చాం. ఇప్పుడు ఈ స్క్రిప్టులూ ఫైళ్ళూ మనకెందుకని మనమే అనుకుంటే ఎలా? మన లెక్క ఇంకొకరి చేతిలో ఉంటే మన డబ్బు కూడా ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

ఈ ఏప్రిల్లో సంవత్సరం లెక్క కలిపినప్పుడు స్క్రిప్టు ఒకచోట ఆగింది. ఒక ఫైలు రాలేదని చెప్పింది. చూస్తే అది మా ఊరిదే. మా వీఓఏ జ్వరంతో పడుకుంది. పాత పద్ధతిలో అయితే ఏదోలా అతికించేసేవాళ్ళం. ఈసారి నేనే ఆవిడ ఇంటికి వెళ్ళి, పుస్తకాలు తెచ్చి, రాత్రి కూర్చుని ఎక్కించాను. మర్నాడు ఆ లంక ఊరి వదిన కనపడి, "ఏమ్మా, ఈసారి మీ ఊరికి ఎన్నిసార్లు పడిందేంటి?" అని అడిగింది. "ఒక్కసారేనండి, మీకూ ఒక్కసారే" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.